కూర్చున్నవారి పేరేమిటి?

ఛాయాచిత్రకళ గురించి మనవాళ్లు రాసే మాటల్లో ఒక సూత్రం తరచు వినిపిస్తుంది: తీసేవాడి చూపే సర్వస్వం, ఎదుట కూర్చున్న మనిషి వట్టి సాధనం. కొత్తగా స్టూడియో పెట్టినవాడు మోడళ్లను ఎక్కడ తెచ్చుకోవాలంటే, "తెలిసినవాళ్లను అడుగు, ఊరికే వస్తారు" అంటారు. ఆ "ఊరికే" అన్న మాటతోనే నాకు పేచీ. ఎవరు ఇష్టపడి వస్తారు? ఎవరు రాక తప్పక వస్తారు? ఈ తేడాను దాటవేసే కళాసిద్ధాంతం ఎంత అందంగా మాట్లాడినా యజమాని పక్షాన మాట్లాడేదే.

జూలియా మార్గరెట్ కామెరాన్ సంగతి చూడండి. 1815లో కలకత్తాలో పుట్టింది. భర్త సింహళంలో కాఫీ తోటల యజమాని. 1863 చివర, 48 ఏళ్ల వయసులో, కూతురూ అల్లుడూ కానుకగా ఇచ్చిన కెమెరాతో పని మొదలుపెట్టి, ఇంగ్లండులోని వైట్ దీవిలో కోళ్ల గూడును అద్దాల స్టూడియోగా మార్చుకుంది. 1874లో ఆమె రాసుకున్న అసంపూర్ణ స్వీయకథ ప్రకారం, తొలి మోడల్ ఆ ఊరి రైతు ఒకడు. అతనికి గంటకు అర క్రౌను, అంటే రెండున్నర షిల్లింగులు, కూలి ఇచ్చింది. ఎన్నో గంటలు గడిచాక ఒక బొమ్మ వస్తే, పలక మీద చెయ్యి రాసుకుని అదీ చెరిగిపోయింది. 1864 జనవరిలో అన్నీ ఫిల్‌పాట్ అనే చిన్నపిల్ల బొమ్మ కుదిరింది. ఆ బొమ్మంతా పిల్లే చేసినట్టు తనకు తోచిందనీ, ఆమెకు కానుకల కోసం ఇల్లంతా వెతికాననీ కామెరానే రాసింది.

కూలి ఇచ్చిందంటే, కూర్చోవడం పనేనని ఒప్పుకున్నట్టు. కానుకలు వెతికిందంటే, బొమ్మలో ఎదుటి మనిషికి పాలుందని ఒప్పుకున్నట్టు. మన సిద్ధాంతకర్తలు ఈనాటికీ ఒప్పుకోని రెండు సత్యాలు ఆమెకు మొదటి నెలల్లోనే తెలిశాయి. అయితే అదే స్వీయకథలో ఆ రైతు ఒక చారిత్రక పురుషుణ్ణి పోలి ఉన్నాడని చెప్పిన ఆమె, అతని పేరు మాత్రం చెప్పలేదు.

తరువాత ఆమెకు మోడళ్లు ఇంట్లోనే దొరికారు. పనిమనిషి మేరీ హిల్లియర్ మళ్లీ మళ్లీ మరియమ్మగా కూర్చుంది. బిచ్చమెత్తుకునే ఐరిష్ తల్లి బిడ్డ మేరీ రయన్ ఆ ఇంట పెరిగి, ఆ ఇంటి పనే చేస్తూ కెమెరా ముందు కూర్చుంది. అప్పటి తడి పలకలకు నిమిషాల తరబడి కదలకుండా ఉండాలి. రైతు పొలం పనుందని లేచిపోగలడు. పనిపిల్ల లేచి ఎక్కడికి పోతుంది? 1867లో హెర్షెల్, కార్లైల్, 1868లో డార్విన్ తమ పేర్లతోనే చరిత్రకెక్కారు. పనివాళ్లు ఎక్కువగా పురాణపాత్రల పేర్లతో ఎక్కారు.

"పనిమనిషిని దైవమాతగా చూపడం అభ్యుదయం కాదా?" అని అడుగుతారు. ఆ ముఖాలకు ఆమె ఇచ్చిన గౌరవాన్ని నేను కాదనను. మేరీ రయన్ బొమ్మను ప్రదర్శనలో చూసి మనసుపడిన హెన్రీ కాటన్ 1867లో ఆమెను పెళ్లాడాడు. ఈయన మన గోదావరి ఆనకట్ట కాటన్ కాడు. 1904లో కాంగ్రెసు అధ్యక్షుడైనవాడు. కళ తారతమ్యాలను చెరిపేసిందనడానికి దీన్ని సాక్ష్యంగా తెస్తారు. ఒక పిల్ల అదృష్టం ఒక వ్యవస్థకు సమర్థన ఎలా అవుతుంది? 1875లో కామెరాన్ సింహళానికి వెళ్లింది. అక్కడ తీసిన బొమ్మల్లో కలుతర రైతుల గుంపు ఒకటి. రైతులన్న జాతివాచకం మిగిలింది. మనుషుల పేర్లు మిగల్లేదు. దొరలు 1868-75 మధ్య ఎనిమిది సంపుటాలుగా అచ్చువేసిన "భారత ప్రజలు" గ్రంథంలో కులాల, తెగల పేర్ల కింద మనుషులను పేర్చిన పద్ధతీ ఇదే.

సాహిత్య విద్యార్థులకు ఇది కొత్త కాదు. మన అలంకారికులు స్త్రీని ముగ్ధ, మధ్య, ప్రౌఢ అని విభజించి, మనిషిని మాయం చేసి లక్షణాన్ని మిగిల్చారు. కెమెరా ఆ అలవాటును యంత్రంతో చేసింది.

దీనికి విరుగుడూ చరిత్రలోనే ఉంది. హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ 1892లో పరదా స్త్రీల కోసం వేరే స్టూడియో తెరిచాడు. అక్కడ కూర్చున్న స్త్రీ గిరాకీ కనుక, ఆమె షరతులకే స్టూడియో తల వంచింది. ఆ మర్యాద డబ్బున్నవారికే దక్కింది. అది కూలివారికీ దక్కాలన్నదే నా వాదం.

ఈనాడు కెమెరా పట్టుకుని మన కుర్రవాళ్లు గిరిజన గూడేలకూ, బీడీ కార్మికుల వాడలకూ పోతున్నారు. ముడతలు పడ్డ ముఖం దొరికితే సంబరపడుతున్నారు. పోవద్దనను. ముందు అడగండి, కాదంటే తిరిగి రండి. గంటకింత అని కూలి ఇవ్వండి. బొమ్మ ప్రతిని వారి ఇంటికి చేర్చండి. వారు ఒప్పుకుంటే కింద పేరు రాయండి. ఈ నాలుగూ చేయలేని కళాకారుడు పేదల బొమ్మలు తీసి తన్ను తాను ప్రజాకళాకారుడని పిలుచుకునే హక్కు పోగొట్టుకుంటాడు. శ్రమను చూపించే కళ ముందు తన ఎదుట కూర్చున్న శ్రమను గుర్తించాలి.