గోడకు రెండు కొక్కేలు

మెక్సికోలోని యుకటాన్‌లో మా అబ్బాయి అద్దెకు దిగిన ఇంట్లో మంచం లేదు. గది గోడలకు ఎదురెదురుగా రెండు కొక్కేలు మాత్రం ఉన్నాయి. రాత్రి వల ఉయ్యాల తగిలించి, పొద్దున్నే తీసి చుట్టిపెట్టడం అక్కడి మాయా కుటుంబాల అలవాటు. ఆ కొక్కేలు చూడగానే, దూలానికి చీర ఉయ్యాల కట్టి తమ్ముణ్ణి ఊపిన మా అమ్మ గుర్తొచ్చింది.

ఐమూలగా పడుకోవాలని ఇంటావిడ చేత్తో చూపించింది. అలాగైతే వల వెడల్పుగా విచ్చుకుంటుంది, నడుము వంగదు. రెండు గుంజల చట్రం మీద, చెక్క సూదితో, ముళ్లు వేయకుండా దారంలోంచి దారాన్ని దాటిస్తూ అల్లుతుంది ఆవిడ. ఇంటిపనుల మధ్య అల్లేది కాబట్టి ఒక్కటి పూర్తవడానికి వారాలు పడుతుంది.

ఈ వల ఉయ్యాలకున్న 'హమాకా' అనే పేరు కరీబియన్ దీవుల టైనో ప్రజల మాట. 1492లో కొలంబస్ బహామాస్ ఇళ్లలో ఈ వలపడకలు చూశాడు. తర్వాత యూరప్ ఓడల్లో నావికులు నిద్రపోయిందీ వీటిలోనే. ఇంత చరిత్ర ఉన్న నేర్పును ఆడవాళ్ల తీరిక పని అంటూ కూలి కోయడం అన్యాయం. మగ్గం గుంటలో కూర్చున్నవాళ్ల కష్టం చూసిన మనకు ఆ అన్యాయం కొత్త కాదు. అటు వెళ్లే తెలుగువాళ్లు దయచేసి బేరమాడకండి, అల్లినవాళ్ల దగ్గరే కొనండి.