మొక్కల లెక్క చాలదు, అడవి తట్టుకుంటోందా కొలవండి

ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల అడవి పల్లెల ప్రజలకు, సర్పంచులకు, అటవీ సిబ్బందికి విజ్ఞప్తి

2024 ఆగస్టు 31న మన పొరుగునే ఉన్న ములుగు జిల్లా తాడ్వాయి–మేడారం అడవిలో సుడిగాలి వేల చెట్లను వేళ్లతో పెకలించింది. సుమారు 200 హెక్టార్లలో 50 వేల చెట్లు కూలాయని తొలి అంచనా. అంతకు రెండేళ్ల ముందు, 2022 జులైలో, గేట్లలోంచి పోయే నీటికన్నా వచ్చే వరద ఎక్కువై కడెం ప్రాజెక్టు పొర్లింది. ఆ నీళ్లు దిగింది మన ఆదిలాబాద్ కొండల నుంచే. ఇక ఎండాకాలం వస్తే, ఆకు రాలిన టేకు అడవిలో ఫిబ్రవరి నుంచే నిప్పు భయం.

అందుకే ఒక్కటి అడుగుతున్నాం. ఈ ఎండను, మంటను, కుండపోతను మన అడవి ఎంత తట్టుకుంటోందో, దాన్ని కాపాడే పద్ధతి ఎంత పనిచేస్తోందో ప్రతి బీటులో ఏటా కొలవాలి. ఆ లెక్కను గ్రామసభలో చదివి వినిపించాలి.

ఇట్లా అడుగుతున్నది లెక్కలు లేక కాదు. 2015 జులైలో మొదలైన హరితహారానికి 230 కోట్ల మొక్కలు లక్ష్యం. ఆ చెమటను మేం తక్కువ చేయడం లేదు. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2021 నివేదిక తెలంగాణలో రెండేళ్లలో 632 చదరపు కిలోమీటర్ల అటవీ విస్తీర్ణం పెరిగిందని చెప్పింది. కాని ఆ సర్వేలో హెక్టారుకు తగ్గని జాగాలో పదో వంతు చెట్ల నీడ ఉంటే చాలు, మామిడి తోటయినా అడవి కిందికే వస్తుంది. ఉపగ్రహానికి పైనున్న ఆకు కనపడుతుంది. కింద మొలక నిలిచిందా, ఒర్రె ఏ నెలలో ఎండిందన్నది కనపడదు.

మరి ఏం కొలవాలి? ముందుగా మంట. నిప్పు జాడ దొరకగానే ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియాయే ఫోన్లకు సందేశం పంపుతోంది. సందేశం ఎప్పుడు వచ్చింది, మనుషులు ఎప్పుడు చేరారు, ఎప్పుడు ఆరింది, ఎన్ని ఎకరాలు కాలింది, పోయినేడు కాలిన చోటే మళ్లీ కాలిందా? ఈ నాలుగైదు ముక్కలు ఒక పుస్తకంలో రాస్తే ఫైర్ లైన్లు వేళకు పడ్డాయో లేదో, ఫైర్ వాచర్లు సరిపోయారో లేదో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద, తునికాకు చిగురు కోసం పొదల్లో నిప్పు పెట్టే అలవాటు మనలోనూ ఉంది. దాచి లాభం లేదు. ఇప్ప చెట్టు కింద వలలు పరిచిన ఊళ్లో మంటలు తగ్గాయా అన్నదీ అదే పుస్తకంలోకి ఎక్కాలి.

తర్వాత నీళ్లు. అడవిలో కందకాలు, చెక్‌డ్యాములు కట్టాక వాగు ఎన్ని రోజులు ఎక్కువ పారింది? చెలిమె తవ్వి నీళ్లు తెచ్చుకునే ఆడవాళ్లకు ఆ తేదీ తెలుసు, వాళ్లను అడిగి రాయండి. అట్లాగే గుర్తు పెట్టిన జాగాల్లో ఏటా మొలకలు లెక్కపెట్టాలి. టేకు ఒక్కటే వస్తోందా, నల్లమద్ది, తునికి, ఇప్ప కూడా లేస్తున్నాయా?

ఇది కొత్త ఊహ కాదు. 1999లోనే భోపాల్‌లోని భారత అటవీ నిర్వహణ సంస్థ 8 ప్రమాణాలు, 43 సూచికలతో అడవి బాగోగులు కొలిచే పద్ధతి తయారుచేసింది. బీటుకు 43 అక్కర్లేదు, పైన చెప్పినవి చాలు. అటవీ డివిజన్ వర్కింగ్ ప్లాన్ పదేళ్లకు రాస్తారు. వానలు ఇట్లా తీరు మారుతున్నప్పుడు పదేళ్ల దాకా ఆగితే పొరపాటు దిద్దుకునే వేళ దాటిపోతుంది.

ఈ లెక్క రేపు పోడు రైతుల మీద కేసవుతుందేమోనన్న భయం ఉంది. ఆ భయం న్యాయమైనదే. కనుక ఈ పుస్తకం ఎవరి మీదా సాక్ష్యం కారాదని తీర్మానంలోనే రాయాలి. 2006 అటవీ హక్కుల చట్టం అడవిని కాపాడే అధికారం గ్రామసభకూ ఇచ్చింది, కొలిచే చోట గ్రామసభ మనిషి ఉండాలి. బీట్ ఆఫీసరుకూ ఒక భయం ఉంటుంది, అంకె తగ్గితే మెమో వస్తుందని. తగ్గిన బీటుకు మెమో కాదు, అడవి నష్టానికి పరిహారంగా జమయ్యే కంపా నిధుల్లోంచి ముందుగా డబ్బు, మనుషులు పంపాలి. 2018 పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని సర్పంచును బాధ్యుణ్ని చేసింది. ఊరి మొక్కకు అంత పట్టింపు ఉన్నప్పుడు కవ్వాల్ లాంటి మన అడవికి ఈ మాత్రం లెక్క అడగడం ఎక్కువేం కాదు.

జనవరిలోపు, మంటల కాలం రాకముందే, గ్రామసభ పెట్టించండి. మంట, వాగు, మొలక, ఈ మూడు లెక్కలు ఏటా కావాలని తీర్మానం చేయండి. ఒక ప్రతి పంచాయతీలో ఉంచి, ఒకటి డివిజనల్ అటవీ అధికారికి, ఒకటి కలెక్టరుకు ఇచ్చి రసీదు తీసుకోండి.