దిక్కున్నవీ దిక్కులేనివీ

రెండు కిలోల బియ్యం ఇమ్మంటే షావుకారు తూచి ఇస్తాడు గాని, “ఏ వైపుకు?” అని అడగడు. ఎంతో చెబితే చాలినది అదిశరాశి. ఎటో కూడా చెప్పవలసినది సదిశరాశి. పాతపట్నంలో రైలెక్కి టెక్కలి వెళ్ళి, సాయంత్రానికి తిరిగి వచ్చామనుకోండి. 1900లో చిన్నరైలుతో మొదలైన లైను అది. స్థానభ్రంశం సున్న, టిక్కెట్టు మాత్రం రెండు వైపులకూ కొనవలసిందే! రైలువారు లెక్కగట్టేది దూరాన్ని.

ఇంతవరకు పిల్లలు బాగానే వల్లిస్తారు. మొన్న మా వీధి కుర్రవాడు, “మాస్టారూ, కరెంటుకు కూడా బాణం గుర్తు వేస్తారు గదండీ, మరి దాన్ని అదిశరాశి అంటారేం?” అన్నాడు. మంచి ప్రశ్న. బాణం గీసినంత మాత్రాన చాలదు, కూడికలో తేలాలి. 3 ఆంపియర్లూ 4 ఆంపియర్లూ తెచ్చే తీగెలు ఒకచోట కలిస్తే, వాటి నడుమ కోణం ఎంతైనా సరే, ముందుకు పోయేది 7 ఆంపియర్లే. అదే 3 న్యూటన్ల బలం, 4 న్యూటన్ల బలం ఒకదానికొకటి లంబంగా లాగితే ఫలితం 5.

ఈ కూడిక నేర్పడానికి నల్లబల్లకంటె మా మహేంద్రతనయ మేలు. ఏరు 60 మీటర్ల వెడల్పు, ప్రవాహం సెకండుకు 2 మీటర్లు, మనిషి ఈత 1 మీటరు అనుకోండి. అడ్డంగా ఈదేవాడి వేగం 3 కాదు, సుమారు 2.24. అరవై సెకండ్లలో అవతలి ఒడ్డు చేరతాడు, కాని 120 మీటర్లు దిగువన. ప్రవాహం లేకపోయినా పట్టేది ఆ అరవై సెకండ్లే. నీరు తోసేది కిందికే గాని అడ్డంగా కాదు. “సదిశ”కు ఇంగ్లీషులో వెక్టర్ అంటారు. లాటిన్‌లో మోసుకుపోయేది అని అర్థం. 1840లలో హామిల్టన్ ఈ అర్థంలో వాడిన మాట.

వరదలో పడ్డవాడు దిగిన రేవుకే రావాలని ఎదురీదితే, సెకండుకు మీటరు చొప్పున వెనక్కే పోతాడు, సత్తువా పోతుంది. అడ్డంగా ఈదాలి, ఎంత దిగువకు పోతే అంత పోనీ. సరిగ్గా ఎదుటి రేవే కావాలంటే ప్రవాహం ఈతకంటె తక్కువ ఉండాలి. అది అర మీటరుకు తగ్గిననాడు 30 డిగ్రీలు ఎగువకు తిరిగి ఈదితే నేరుగా చేరవచ్చును. అప్పుడు పట్టేది మాత్రం అరవై కాదు, సుమారు 69 సెకండ్లు.