పంపిన ఫోటో ఎక్కడికి పోతుంది?



నందిగామలో నికాహ్ ఇంట తీసిన ఫోటోను జగ్గయ్యపేటలోని అక్కకు పంపుతాము. రెండు ఊళ్ల నడుమ దూరం సుమారు 30 కిలోమీటర్లు. అయినా ఆ ఫోటో నేరుగా పోదు. చిన్నచిన్న ప్యాకెట్లుగా విడిపోతుంది. ప్రతి ప్యాకెట్టుపైనా చేరవలసిన చిరునామా ఉంటుంది. దారిలోని రూటర్లు ఆ చిరునామా చూసి ముందుకు పంపుతాయి. ఈ ప్రయాణం కొంత గాలిలో, అధికభాగం సన్నని గాజుతీగలలో సాగుతుంది. 2017 డిసెంబరు 27న వెలగపూడిలో రాష్ట్రపతి ప్రారంభించిన ఫైబర్‌నెట్ అటువంటి తీగలనే కరెంటు స్తంభాల మీదుగా ఇళ్లకు చేర్చింది. ప్యాకెట్లు ఎక్కడో దూరానగల సర్వరును చేరి, అక్కడినుండి అక్క ఫోనుకు వస్తాయి. సర్వరు అనగా అడిగినవారికి అడిగినది అందించడానికి రేయింబవళ్లు పనిచేసే కంప్యూటరు.

“మా ఫోనులో తుడిచేశాము కదా” అని కొందరు నిశ్చింతగా ఉంటారు. మన ఫోనులో తుడిచినంత మాత్రాన అవతలివారి ఫోనులోనిది పోదు. సర్వరులో దాచినది పోయిందనీ చెప్పలేము.

అనుమతి లేనిదే పరుల ఇంట ప్రవేశించరాదని అన్ నూర్ సూరా ఆదేశిస్తున్నది. ఫోటో విషయంలోనూ ఆ మర్యాద పాటిద్దాం. ఆ ఇంటి ఆడపడుచుల ఫోటో మన చేతిలో అమానతు. పంపేముందు వారిని అడగండి. మీకు అందినదాన్ని మరొకరికి పంపకండి.

అమానతును కాపాడే సద్బుద్ధిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.