ఎడారి చెరకు విడుదల ఎన్నడు?

పొట్ట చేతపట్టుకుని కడలి దాటిన అభాగినుల కడగండ్లకు చట్టాల కొరత కారణం కాదు. ఇంటిపనివారికి వారానికొక సెలవు, రోజుకు 12 గంటల పని పరిమితి నిర్దేశిస్తూ, యజమాని వారి పాస్‌పోర్టును స్వాధీనపరచుకోరాదని కువైట్ 2015లోనే శాసించింది. అయినా అక్కడి 'కఫాలా' విధానంలో పనిమనిషి నివాసానుమతి యజమాని గుప్పిట్లోనే ఉంది. జీతం ఎగ్గొట్టినవాడే ఫిర్యాదిదారు. బాధలకు తాళలేక ఇల్లు విడిచిన మహిళపై 'పరారీ' ముద్ర! నేటి బానిసత్వపు నిజస్వరూపమిదే.

ఈ ఉచ్చుకు తొలి ముడి పడుతున్నది స్వగ్రామాల్లోనే. 1983 నాటి వలసల చట్టం ప్రకారం నమోదైన ఏజెంట్లే విదేశీ కొలువులకు మనుషులను పంపాలి. పదో తరగతి దాటని, 30 ఏళ్లు నిండని మహిళలు గల్ఫ్ ఇళ్లలో పనికి వెళ్లరాదన్న ఆంక్షా ఉంది. కడప, గోదావరి జిల్లాల దళారులు విజిట్ వీసాలతో ఈ కంచెను దాటిస్తున్నారు. అలా వెళ్లినవారి ఊసు ప్రభుత్వ దస్త్రాల్లో ఉండదు. ఆంక్ష వలసను ఆపలేదు, అజ్ఞాతంలోకి నెట్టింది.

దళారులపై ఉక్కుపాదం మోపడం రాష్ట్రం విధి. 'పరారీ' నిబంధన తొలగింపునకు కువైట్‌పై ఒత్తిడి తేవడం కేంద్రం బాధ్యత. విదేశీ మారకద్రవ్యాన్ని ఆనందంగా స్వీకరించే ప్రభుత్వాలకు, దాన్ని పంపే చేతుల సంకెళ్లు కనిపించకపోవడం అమానుషం.