పుస్తకభాండారము నుండి పొలముగట్టునకు



ఇంట గుమ్మి నిండ ధాన్యము కలదు. కాని యా గుమ్మి యే గదిలో నున్నదో వంటచేయు నామెకు తెలియదు. అట్టి యిల్లు పస్తుండినచో నది కరవు దోషము కాదు. మన దేశమున వ్యవసాయ విజ్ఞానపు స్థితి కొంతవర కిట్లే యున్నది. విత్తనమును గూర్చియు, నేలను గూర్చియు, పురుగులను గూర్చియు పండితులు వ్రాసిన వ్రాతలు వేలకొలది కలవు. అవి యుండు చోటు వేరు. వానితో పనిగలవారుండు చోటు వేరు. ఈ రెంటిని కలుపుటకు పాటుపడుచున్నవారు వ్యవసాయ గ్రంథాలయముల యధికారులు. వారి పేరు ప్రజలలో వినబడదు. ఈ మాసము వారి కృషిని గూర్చి ముచ్చటింప దలచితిమి.

ఇది మగవారి విషయము, మనకేల యని కొందరనవచ్చును. ఉత్తర తెలంగాణమునే చూడుడు. 2016వ సంవత్సరమున కరీంనగరము జిల్లానుండి ముఖ్యముగా జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలును, ఆదిలాబాదు జిల్లానుండి నిర్మల్, మంచిర్యాల, కొమురం భీం ఆసిఫాబాదు జిల్లాలును వేరుపడినవి. జిల్లాలు పెరిగినను పొలములు పూర్వపు పొలములే. మానేటి నీటను, చెరువుల నీటను పండు వరి, నల్లరేగడి పత్తి, మక్కజొన్న, కంది, పసుపు. ఆ పొలములలో నాట్లువేయువా రెవ్వరు? కలుపు తీయువా రెవ్వరు? వంగి వంగి పత్తి యేరువా రెవ్వరు? ఇంట విత్తనమునకు బూడిదయో వేపాకో కలిపి దాచువా రెవ్వరు? చేయు పని మనది, తెలిసికొనవలసిన సంగతి మాత్రము మనది కాదనుట న్యాయమా?

2003వ సంవత్సరమున కేంద్ర ప్రభుత్వపు నమూనా పరిశీలన శాఖవారు దేశమందలి రైతుకుటుంబములను విచారించిరి. నూటికి సుమారు 40 కుటుంబములకు మాత్రమే క్రొత్త సేద్యపద్ధతులను గూర్చిన సమాచార మేదో యొక దారిని చేరుచున్నదని తేలినది. ఆ దారులలో మొదటిది తోటి రైతు. తరువాతివి ఎరువులు, మందులు అమ్ము దుకాణమును, రేడియోయును. ప్రభుత్వ వ్యవసాయోద్యోగివలన తెలిసికొన్న కుటుంబములు నూటికి ఆరైనను లేవు. దుకాణదారుని మేము నిందింపము. ఆయన వృత్తి ఆయనది. కాని మందులమ్మి బ్రతుకువానిని ఈ పురుగునకు మందు కావలెనా, అక్కరలేదా యని యడిగినచో, అక్కరలేదను ప్రత్యుత్తరము వచ్చుట యరుదు.

తెలియమివలన గలుగు నష్టము పంటతో ముగియదు. 2017వ సంవత్సరమున పెన్‌గంగ కావలియొడ్డుననున్న యవత్‌మాల్ జిల్లాలో, పత్తిచేలకు మందు చల్లుచు ఆ విషము సోకి యిరువదిమందికి పైగా రైతులును కూలివారును మరణించిరి. వందలమంది యాసుపత్రుల పాలైరి. అక్కడి నేలయు ఆదిలాబాదు నేలయు నొక్కటే, పంటయు నొక్కటే. మందుడబ్బాతో నిచ్చు వివరణపత్రము హిందీ, ఇంగ్లీషులతో పాటు ప్రాంతీయభాషలోను ఉండవలెనని 1971 నాటి నిబంధనలలోనే యున్నది. కాగితము మడతపెట్టి యిచ్చుచునే యున్నారు. అందలి యక్షరములు ఆవగింజలంత. మన సోదరీమణులు రంగుల గుర్తులనైనను కంఠస్థము చేసికొనవలెను. ఎఱుపు మిక్కిలి ఘోరవిషము, పసుపుపచ్చ దానికి తరువాతిది, నీలము నడిమితరము, ఆకుపచ్చ తక్కువది, కాని విషము కానిది కాదు. మందు చల్లివచ్చిన బట్టలను ఇంటి బట్టలతో కలిపి ఉతుకరాదు. ఖాళీ డబ్బాను కడిగి ఉప్పుగాని పప్పుగాని పోసికొనుట ఎన్నడును కూడదు. ఇంత చిన్న సంగతి సకాలమున ఇల్లాలికి తెలిసియుండుట ప్రాణములతో ముడిపడిన విషయము.

ఇక గ్రంథాలయాధికారుల సంగతికి వత్తము. లోకమున అచ్చగు వ్యవసాయ పత్రికల నన్నిటిని కొనగల గ్రంథాలయ మొక్కటియు లేదు. కాబట్టి వారు మన యిరుగుపొరుగు పద్ధతినే యవలంబించిరి. మనయింట పాలు తోడువేయుటకు మజ్జిగ లేనినాడు ప్రక్కయింటికి గిన్నె పంపుదుము. తోడు ఇచ్చినందున ఆ యింట పెరుగు తరుగదు, మనయింట పెరుగు పేరును. వ్యాసముయొక్క ప్రతి యిచ్చుటయు నట్టిదే. 1955వ సంవత్సరమున పలుదేశముల వ్యవసాయ గ్రంథాలయాధికారులు ఒక అంతర్జాతీయ సంఘముగ నేర్పడిరి. 1974వ సంవత్సరమున ఐక్యరాజ్యసమితికి చెందిన ఆహార వ్యవసాయ సంస్థవారు ఆగ్రిస్ అను ఉమ్మడి పట్టికను నెలకొల్పిరి. ఏ దేశమున వెలువడిన వ్రాతలను ఆ దేశమువారే పట్టిక వేసి యందరికిని పంచిపెట్టుట దాని కట్టుబాటు. ఎవరి వాకిలి వారు ఊడ్చుకొన్న వీధి యంతయు శుభ్రపడునను నీతి యిందు కలదు.

మన దేశమునను ఇట్టి యత్నము జరిగినది. భారత వ్యవసాయ పరిశోధన మండలివారి యాధ్వర్యమున 2008 ప్రాంతమునుండి పరిశోధన సంస్థలును, వ్యవసాయ విశ్వవిద్యాలయములును నూటికి పైగా కూడి, సెరా యను పేరున పత్రికలకు ఉమ్మడిగా చందా కట్టినవి. ఒకచోట దొరకని వ్యాసమును మరియొకచోటి గ్రంథాలయాధికారి పంపు నేర్పాటును చేసికొనిరి. విద్యార్థులు వ్రాసి సమర్పించిన పరిశోధన గ్రంథములు అలమారులలో దుమ్ముపట్టకుండ కృషికోశ్ అను భాండారమున చేర్చబడినవి. రాజేంద్రనగరమున 1964వ సంవత్సరమున స్థాపితమైన వ్యవసాయ విశ్వవిద్యాలయమున వ్రాయబడిన గ్రంథములును అందు కలవు. 2024 నవంబరులో కేంద్రప్రభుత్వ మొక పథకము నంగీకరించినది. దానివలన 2025 జనవరి మొదలుకొని 6,300కు పైబడిన ప్రభుత్వ విద్యాపరిశోధన సంస్థలకు 30 ప్రచురణసంస్థల పత్రికలు, దాదాపు 13,000, ఒక్క చందాతో నందుబాటులోనికి వచ్చినవి.

ఇంతవరకు పండితునికి పండితుడు తోడుపడుటయే. పండితుని మాట పల్లెకు చేరుటకు మరియొక యడ్డంకి కలదు. అది పేరు. వరిలో ఉల్లికోడు అను తెగులును మీలో పలువురు చూచియే యుందురు. ఒక చిన్న యీగ పిల్ల పురుగు మొలకలో దూరి, ఆకు కావలసినదానిని ఉల్లికాడవలె తెల్లని గొట్టముగ మార్చును. అట్టి పిలకకు వెన్ను రాదు. గొట్టము కంటబడిన తరువాత మందు చల్లిన ప్రయోజనము శూన్యము. కాబట్టి నారుపోయుటకు ముందే దానిని తట్టుకొను వంగడము నెంచుకొనవలెను. జగిత్యాల చెంత పొలాసలోని పరిశోధన స్థానమువారు వెలువరించిన జగిత్యాల సన్నాలు అట్టివి. ఈ సంగతి వైశాఖమున తెలిసిన పంట, భాద్రపదమున తెలిసిన విచారము.

అయితే శాస్త్రజ్ఞుని పుస్తకమున నా యీగకు లాటిను పేరుండును. రైతు నోట ఉల్లికోడు, ఇంకొక యూరివారి నోట మరియొకటి. ఏ పేరున వెదకినను ఒక్క చోటికే చేరునట్లు చేయుట గ్రంథాలయాధికారి నేర్పు. ఇందుకై ఆహార వ్యవసాయ సంస్థవారు ఆగ్రోవాక్ అను బహుభాషా పదకోశమును నిర్మించిరి. దానిలో తెలుగును నేడు చోటుచేసికొన్నది. మన తల్లులు పలికిన పేర్లు ప్రపంచపు పట్టికలో నెక్కుట సంతోషకరమే. కాని కరీంనగరపు పేర్లు, ఆదిలాబాదు పేర్లు ఇంకను ఎన్నియో పల్లెజనుల నాలుకలమీదనే యున్నవి.

గ్రంథాలయముల మైత్రివలన నేమి సమకూరునో తెలుపుటకు స్త్రీలకు గర్వకారణమైన యుదాహరణ మొకటి కలదు. సురపాలుడను విద్వాంసుడు చెట్ల వైద్యమును గూర్చి సంస్కృతమున వృక్షాయుర్వేదమను గ్రంథము రచించెను. మనుష్యులకువలె వృక్షములకును వాత పిత్త కఫ దోషములు కలవని యెంచి యతడు చికిత్సలు చెప్పెను. ఆ గ్రంథపు వ్రాతప్రతి ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయమున నుండెను. సికింద్రాబాదున ఆసియా వ్యవసాయ చరిత్ర సంస్థను నెలకొల్పిన డాక్టరు వై. ఎల్. నేనె గారు దాని ప్రతిని తెప్పించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున సంస్కృతాచార్యులుగ నుండిన నళినీ సాధలే గారు దానిని ఇంగ్లీషున కనువదించిరి. 1996వ సంవత్సరమున నది యచ్చైనది. అందు చెప్పబడిన కుణపజలమను ఎరువును నేడు పలుచోట్ల రైతులు చేసి చూచుచున్నారు. పూర్వులు చెప్పిరి గనుక నంతయు సత్యమని మేమనము; పొలమున పరీక్షించియే గ్రహింపవలెను. కాని పరీక్షించుటకైనను గ్రంథము చేతికందవలెను గదా. సముద్రముల కావల దాచినవారొకరు, అడిగి తెచ్చినవారొకరు, అర్థము చెప్పినవా రొక విదుషీమణి. సంస్కృతము నేర్చిన గృహిణి కేమి పనియని పరిహసించువారికి నిదియే సమాధానము.

పుస్తకమును ప్రజలకడకు కొనిపోవుట తెలుగువారికి క్రొత్త కాదు. 1901వ సంవత్సరమున హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904వ సంవత్సరమున హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయమును వెలసినవి. నిజాము రాజ్యమున సభ జరుపుకొనుటకే యనుమతి కావలసిన దినములలో గ్రంథాలయములే తెలుగువారికి సభామంటపములైనవి. 1930వ సంవత్సరమున జోగిపేటలో ఆంధ్రమహాసభ జరిగినప్పుడు, నడింపల్లి సుందరమ్మ గారి యధ్యక్షతను మహిళాసభయు జరిగెను. 1935వ సంవత్సరమున మాడపాటి హనుమంతరావు గారి యధ్యక్షతను ఆ మహాసభ మన సిరిసిల్లలోనే సమావేశమయ్యెను. అదే సంవత్సరమున కృష్ణాతీరమున పాతూరి నాగభూషణము గారు పెదవడ్లపూడినుండి కాలువలో పడవమీద పుస్తకములను ఊరూరికి నడిపించిరి. పడవకు పుస్తక మెక్కించినవారి దేశమున పొలమునకు పుస్తకము పోలేదనుట వింతగ నున్నది.

1960వ సంవత్సరపు చట్టము ననుసరించి యింటిపన్నుతో గ్రంథాలయపు సుంకమును మనము చెల్లించుచున్నాము. రూపాయికి 8 పైసలు. కావున శాఖా గ్రంథాలయము పరుల సొత్తు కాదు. 2020వ సంవత్సరమున రాష్ట్రమున 2,601 రైతువేదికలు కట్టబడినవి. జగిత్యాలలో, ఆదిలాబాదులో పరిశోధన స్థానములు కలవు. జమ్మికుంటలో కృషి విజ్ఞాన కేంద్రము కలదు. గ్రంథాలయమున పాఠకులు కలరు, వేదికలో రైతులు కలరు, పరిశోధన స్థానమున విజ్ఞానము కలదు. ఈ మూడిండ్ల నడుమ తోడుగిన్నె తిరుగవలెనని మా కోరిక. పొలాస పండితుల పుస్తకము ప్రతి శాఖా గ్రంథాలయమునందును, గ్రంథాలయపు పట్టిక ప్రతి వేదికయందును ఉండునేని, వారికి వేరు భవనములక్కరలేదు.

ఆదిలాబాదు కొండలలోని గోండు, కోలాము సోదరీమణులను మరువరాదు. గుంజాలలో దొరకిన పాత వ్రాతప్రతులవలన గోండులకు స్వంత లిపి యున్నదని లోకమునకు తెలిసినది. 2018వ సంవత్సరమున ఆ లిపి యూనికోడునందు స్థానము పొందినది. తెలుగు కరపత్రము నొకటి వారి గుమ్మమున వేసి కర్తవ్యము తీరెననుకొనుట కూడదు. వారి మాటలో వారికి చెప్పువారు కావలెను.

మరి మనమేమి చేయవలెను? మొదటిది, నలుగురు స్త్రీలు కూడి శాఖా గ్రంథాలయమునకు పోయి, వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు ప్రకటించు వ్యవసాయ పంచాంగమును తెప్పింపుడని వ్రాతమూలముగ కోరుడు. అడుగువారున్న పుస్తకమును తెప్పింపకుండుట యధికారికిని కష్టము. రెండవది, పొదుపుసంఘము కూడిన దినమున చదువు వచ్చిన యామె యొకతె పావుగంట చదివి వినిపింపవలెను. చదువురాని పెద్దమ్మలు తమ యనుభవముతో దానిని తూచవలెను. మూడవది, మీ యూర పురుగులకు, తెగుళ్లకు, విత్తనములకు వాడుకలోనున్న పేర్లను, అవి కనబడిన మాసమును నొక నోటుపుస్తకమున వ్రాసియుంచుడు. దానిని గ్రంథాలయాధికారికి చూపుడు. పదకోశమున లేని మాట మీ పెరటిలో నుండవచ్చును. నాలుగవది, 2004వ సంవత్సరమున ప్రారంభమైన రైతు టెలిఫోను కేంద్రమున్నది. 1800-180-1551 అను సంఖ్యకు ఖర్చులేకుండ మాటలాడి తెలుగుననే యడుగవచ్చును. పైరు వయస్సెంత, ఇదివర కేమి చల్లితిరి, ఆకు ఎట్లున్నది యను మూడు సంగతులను ముందుగ తెలిసికొని మాటలాడిన ప్రత్యుత్తరము సరిగ వచ్చును.

అన్నము వండి పెట్టుట మనకు ధర్మమైనచో, ఆ యన్నము పండు విధము తెలియుటయు ధర్మమే. వానాకాలము రాకముందే విత్తనమును గూర్చిన మాట ప్రతి యింట వినబడుగాక. మీ యూరి గ్రంథాలయమున వ్యవసాయ గ్రంథము లేవి కలవో, ఏవి లేవో చూచి మాకు వ్రాయుడు. వచ్చిన లేఖలలోని పురుగుల పేర్లను, పైరుల పేర్లను ఈ గోష్ఠిలోనే వరుసగా ప్రకటింతుము.