పప్పులో చింతపండు ఎందుకంటే...

టమాటా పప్పు పొయ్యిమీద ఉడుకుతుంటే కోడలు చింతపండు డబ్బా కోసం వెతుకుతుంది. 'టమాటాలు వేశావుగా, ఇంకా చింతపండెందుకే?' అంటారు అత్తగారు. తీరా కంచంలో కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాక 'కాస్త పులుసు పోయాల్సిందేనమ్మాయ్' అని ఆవిడే ఒప్పుకుంటారు. చాలా ఇళ్లలో జరిగేదే ఇది!

తప్పు వంటది కాదు, కాయ చేసే ప్రయాణానిది. మదనపల్లెలో లారీ ఎక్కిన టమాటా వందల కిలోమీటర్లు వెళ్లినా చితక్కూడదు. అందుకే తోలు మందంగా, కండ గట్టిగా, రసం తక్కువగా ఉండే రకాలకే గిరాకీ. టమాటాలో పులుపు ఎక్కువగా ఉండేది గింజల చుట్టూ ఉన్న జిగురులోనే. అది తగ్గితే పులుపూ తగ్గుతుంది. మరి తీపి సంగతి? పాత రకాల పచ్చికాయలకు తొడిమ దగ్గర ముదురాకుపచ్చ మచ్చ ఉండేది. కాయంతా ఒకే రంగులో పండాలని, ఆ మచ్చలేని మొక్కల్నే ఏళ్లతరబడి ఎంచుకుంటూ వచ్చారు. మచ్చతోపాటు కాయలో చక్కెర తయారీకి సాయపడే జన్యువూ పనిచేయకుండా పోయిందని 2012లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. అందం వచ్చింది, రుచి తగ్గింది!

మేడమీద కాసిన కాయకు ఈ తిప్పలేవీ లేవు. అది ఎక్కాల్సింది లారీ కాదు, దిగాల్సింది మెట్లు. కాబట్టి నాలుకకు నచ్చిన రకాన్నే ఎంచుకోవచ్చు.

మూడు కుండీలు... మూడు రుచులు

మొదటిసారి పెంచేవాళ్లు మూడు టమాటా రకాలతో మొదలుపెడితే చాలు. దిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ ఇచ్చిన పూసా రూబీ కాస్త చపటగా, గాళ్లుగాళ్లుగా ఉండి పుల్లగా ఉంటుంది. పప్పుకీ చారుకీ బాగుంటుంది. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్కా వికాస్‌ది పెద్దకాయ. ఇక చెర్రీ టమాటా పిల్లలు కోసుకుని అక్కడికక్కడే తినేసేంత తియ్యగా ఉంటుంది. మొక్కకొక పాత పెయింటు బకెట్టు, నీళ్లుపోవడానికి అడుగున చిల్లులు, రోజుకి ఆరుగంటల ఎండ ఉండాలి. తెల్లదోమ వల్ల ఆకుముడత వస్తుంది కాబట్టి ఆకుల అడుగున చూస్తూ వేపనూనె చల్లుతుండాలి.

మిరపలో తేడాలు ఇంకా సరదాగా ఉంటాయి. గుంటూరు సన్నం ఘాటుకు పెట్టింది పేరు. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా ఎర్రటి రంగిస్తుంది కానీ కారం తక్కువ. బొద్దుగా ఉంటుంది కాబట్టి దాన్ని టమాటా మిర్చి అనీ అంటారు. బెంగళూరు మిర్చికైతే కారమే ఉండదు. ఆకుపచ్చగా ఉన్నప్పుడు కోసేయకుండా ఆగితే అది ఎర్రగానో పసుపుగానో పండి తియ్యబడుతుంది. కారం గింజల్లో ఉంటుందనుకుంటాం. నిజానికి అది తయారయ్యేది గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో!

పుచ్చకాయ కూడానా? అవును, పెద్ద తొట్టి ఉంటే చాలు. చిన్నకాయలు కాసే షుగర్ బేబీ మేడకు అనువైనది. సంక్రాంతికి గింజ నాటితే ఏప్రిల్ రెండోవారానికి కాయ అందుతుంది. ముందు మగపువ్వులే వస్తే కంగారుపడొద్దు. వెనకాల బుల్లి పిందెతో వచ్చేదే ఆడపువ్వు. తేనెటీగలు రాకపోతే ఉదయాన్నే మగపువ్వు తెంచి, దాని పుప్పొడిని ఆడపువ్వుకి అద్దాలి. పందిరికి పాకిస్తే కాయకు పాతచీర ముక్కతో ఉయ్యాల కట్టాలి. కాయ దగ్గరున్న నులితీగ ఎండితే కోతకొచ్చినట్టే. పచ్చిగా కోస్తే మాత్రం తర్వాత ఎన్నిరోజులుంచినా తీపెక్కదు.

మార్కులు మీరే వేయండి

ఓ ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చోండి. టమాటా ముక్కల్ని పేర్లు చెప్పకుండా పళ్లేల్లో పెట్టి, ముందు ఉత్తవి, తర్వాత ఉప్పద్ది రుచి చూడండి. తీపికి, పులుపుకి, రసానికి విడివిడిగా పదేసి మార్కులు. టమాటాల్ని మాత్రం ఫ్రిజ్‌లో పెట్టొద్దు. చల్లదనం వాసననిచ్చే పదార్థాల్ని తగ్గిస్తుందని, బయటికి తీశాక కూడా అవి పూర్తిగా కోలుకోవని 2016లో వచ్చిన పరిశోధన చెప్పింది. మిరప ఆఖర్న, అదీ పెద్దవాళ్లే. కొన నుంచి చిన్నముక్క, పెరుగన్నంతో. మండితే నీళ్లు కాదు, పాలో మజ్జిగో తాగాలి.

గెలిచిన రకం గింజల్ని దాచుకోవడమే అసలు పని. సంకరజాతి కాయ గింజ నాటితే వచ్చే ఏడు అదే రుచి రాదు. పూసా రూబీ, అర్కా వికాస్ లాంటివైతే మళ్లీ అవే కాస్తాయి. టమాటా గింజల్ని జిగురుతో సహా గ్లాసు నీళ్లలో రెండుమూడు రోజులుంచి, అడుగుకు చేరినవాటిని కడిగి నీడలో ఆరబెట్టాలి. సీసాలో పోసి పేరు, తేదీ రాయాలి. మిరపతో జాగ్రత్త! బెంగళూరు మిర్చి పక్కనే గుంటూరు సన్నం ఉంటే ఈ ఏటి కాయ మారదు కానీ, దాని గింజతో పెరిగిన మొక్క కాయల్లో కారం తగలొచ్చు. అందుకే మొగ్గ విచ్చకముందే కొమ్మకు పల్చటి గుడ్డ కట్టాలి. పుచ్చకైతే మర్నాడు విచ్చబోయే మగ, ఆడ మొగ్గల్ని ముందురోజు సాయంత్రమే దారంతో కట్టాలి. పొద్దున్నే విప్పి పుప్పొడి అద్ది, ఆడపువ్వుని మళ్లీ కట్టేయాలి.

ఒకప్పుడు అమ్మమ్మలు బూడిదలో కలిపి చిక్కంలో దాచింది కూరగాయల గింజల్నే కాదు, ఆ ఇంటి రుచిని. ఆ పని మళ్లీ మొదలుపెడితే వచ్చే ఏడాది టమాటా పప్పు రోజున చింతపండు డబ్బాకి సెలవివ్వొచ్చు. అత్తగారు రెండోసారి వడ్డించమన్నారంటే పదికి పది మార్కులు పడ్డట్టే!